ఉన్నదున్నట్టు మోసిన మాట

మా నాన్నకీ బాబాయికీ మాటల్లేక పదకొండేళ్ళయింది. బోరు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

గురజాలకి ఆరు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. తాతయ్య పొలం రెండు ముక్కలైనప్పుడు బోరు సరిగ్గా సరిహద్దు గట్టు మీద పడింది. రెండు రోజులు మా వంతు, రెండు రోజులు వాళ్ళ వంతు. పొలాలకి కరెంటు పగటిపూట తొమ్మిది గంటలు. అది మధ్యలో పోయినా, మోటారు మొండికేసినా, కూలీలు దొరికిన రోజున మందు కొట్టుకోవాల్సి వచ్చినా వంతులు అటూ ఇటూ సర్దుకోవాలి. సర్దుకోవాలంటే మాట్లాడుకోవాలి. ఆ మాట్లాడే పని మా అమ్మది.

సర్పంచి ఎన్నికల్లో అన్నదమ్ములిద్దరూ చెరోపక్క నిలబడ్డారు. మా పల్నాటిలో ఇది వింతేమీ కాదు. ఎన్నికలైపోయాయి, గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఆ తర్వాత ఒకే కారులో తిరిగారు, వీళ్ళిద్దరు మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు. ఆ ఎన్నికల రోజుల్లోనే మా నాయనమ్మ పోయింది. ఆవిడ ప్రాణం పోయే వేళకి బాబాయి నరసరావుపేటలో పార్టీ మీటింగులో ఉన్నాడు. వచ్చేసరికి అయిపోయింది. ఆ సంగతి మా ఇళ్ళలో ఎవరూ ఎత్తరు.

రెండిళ్ళకీ మధ్య ఒకే గోడ. పిన్ని బావగారి ఎదుట నిలబడి మాట్లాడే మనిషి కాదు, అదొక మర్యాద. కాబట్టి నాన్న మాట బాబాయికి చేర్చేదీ, బాబాయి మాట తిరిగి మోసుకొచ్చేదీ అమ్మే. ఏనాడూ ఖాళీ చేతుల్తో వెళ్ళేది కాదు. గిన్నెలో కాస్త కూరో, చెంబుతో మజ్జిగో పట్టుకుని వెళ్ళి, వాళ్ళ వాకిట్లో నిలబడి, "మీ అన్న అడుగుతున్నాడయ్యా" అని మొదలుపెట్టేది. కాలేజీ రోజుల నుంచీ చూస్తున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, అది కూడా ఒక పనేనని నాకెప్పుడూ తోచలేదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ హైదరాబాదులో ఉంటుంది, నేను మా డాబా మీద గదిలో ఉంటాను. పల్లెటూళ్ళో కూర్చుని లాప్‌టాప్ కొట్టుకునేవాడికి పిల్లనివ్వడానికి మా చుట్టుపక్కల ఎవరికీ మనసొప్పడం లేదు, ఆ కథ ఇక్కడొద్దు. ఆసుపత్రుల్లో రక్తపరీక్షల రిపోర్టులు ముద్రించే సాఫ్ట్‌వేర్ మాది. పదిమంది పదిచోట్ల రాసిన ముక్కల్ని రోజూ ఒకచోట చేర్చి, ఒక్కో ఆసుపత్రికి దాని పేరుతో ఒక ప్యాకేజీ తయారు చెయ్యాలి. ఆ పనిని బిల్డ్ అంటాం. ఏది ముందు, ఏది వెనక అని ఆజ్ఞలు వరసగా రాసి పెట్టిన ఫైలు బిల్డ్ స్క్రిప్టు. ఆ ఆజ్ఞల్ని చదివి అవతలి ప్రోగ్రాములకి అందించే మధ్యవర్తి పేరు షెల్.

ఈ షెల్‌కి ఒక పాడు అలవాటుంది. చేతికిచ్చిన మాటని ఇచ్చినట్టే చేర్చదు, దారిలో విప్పి చూస్తుంది. మధ్యలో ఖాళీ కనపడితే అక్కడ రెండు ముక్కలు చేస్తుంది. నక్షత్రం గుర్తు కనపడితే ఫోల్డరులో ఉన్న ఫైళ్ళ పేర్లన్నీ తెచ్చి అక్కడ పోస్తుంది. డాలర్ గుర్తు కనపడితే, దాని పక్కనున్న పేరుకి విలువేమిటో వెతికి, పేరు తీసేసి విలువ పెడుతుంది. మాటని చెదరకుండా చేర్చమని చెప్పాలంటే దానికి రెండు పక్కలా కొటేషన్ గుర్తులు పెట్టాలి. మిర్చి యార్డుకి పంపే మిరపకాయల టిక్కీకి, అంటే గోనెబస్తాకి, పురికొసతో మూతి కుట్టడం లాంటిదే ఇదీ. కుట్టకపోతే దారి పొడుగునా కాయ రాలుతుంది.

మా స్క్రిప్టు ఎనిమిది వందల వరసలు. మూతి కుట్టిన టిక్కీ అందులో ఒక్కటి లేదు. రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మారిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని బాగుచెయ్యలేదు, దానికి భయపడటం నేర్చుకున్నారు. ఫోల్డరు పేర్లలో ఖాళీ ఉండకూడదు. మా టీములో అది రాహుకాలంతో సమానం. ఎందుకని ఎవరూ అడగరు, అందరూ పాటిస్తారు. ఆసుపత్రి పేరులో రెండు మాటలుంటే మధ్యలో గీత పెట్టి అతికించేవాళ్ళు. ఏదైనా వరస మాట వినకపోతే, అందులోని గుర్తుని విప్పొద్దని షెల్‌కి చెప్పడానికి దాని ముందు ఒక వాలుగీత తగిలిస్తారు. దానికీ వినకపోతే రెండు, లొంగకపోతే నాలుగు. ఒకచోట వరసగా ఎనిమిది వాలుగీతలు చూశాను. రాసినవాడు ఏ ధైర్యంతో ఎనిమిది దగ్గర ఆగాడో ఆ దేవుడికే తెలియాలి.

పోయిన శీతాకాలం ఒక కొత్త ఆసుపత్రి వచ్చింది. వాళ్ళ పేరు మధ్యలో గీతలు పెడితే ఒప్పుకునేది లేదన్నారు. పేషెంటు చేతికిచ్చే కాగితం మీద పేరు తిన్నగా ఉండాలన్నారు, న్యాయమే. ఖాళీలతో ఆ పేరు పెట్టగానే బిల్డ్ కూలింది. మా మేనేజరు ఫోన్ చేసి, స్క్రిప్టు మొత్తం దులిపి కొటేషన్లన్నీ సరిచెయ్యమని నాకు అప్పగించాడు. నాకే ఎందుకంటే నాకొక తిక్క ఉంది. ఒకరన్న మాటని ఇంకొకరికి చెప్పేటప్పుడు ఎవరైనా రంగులేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నది అన్నట్టే చెప్పండి అని మీటింగుల్లో పోట్లాడతాను. ఊళ్ళో కూడా ఆ పేరుంది. వీడు అబద్ధం చెప్పడు, అట్టాగని నిజాన్ని నిమ్మళంగానూ చెప్పడు అంటారు. అదొక మెచ్చుకోలనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

సరిగ్గా ఆ వారమే అమ్మ కంటికి ఆపరేషన్. కుడికంట్లో పొర ముదిరిందని నరసరావుపేటలో డాక్టరు తేల్చాడు. అక్క కాపురం ఆ ఊళ్ళోనే కాబట్టి పదిహేను రోజులు అక్కడే ఉండమన్నారు. వంగకూడదు, దుమ్ము తగలకూడదు, మిరప ఘాటు అసలే తగలకూడదు. గురజాలలో బస్సెక్కించేటప్పుడు అమ్మ నాకు మూడు పనులు చెప్పింది. గేదెకి తవుడు ఎంత కలపాలో చెప్పింది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టొద్దంది. మూడోది, నీళ్ళ సంగతి నాన్న ఏమైనా చెబితే బాబాయికి చెప్పమంది. "చూసి చెప్పు" అంది. చెప్పడంలో చూసేదేముంటుంది అనుకుంటూ టిక్కెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాను.

మొదటి మూడు రోజులూ నేను స్క్రిప్టుతో కుస్తీ పట్టాను. ఖాళీ దగ్గర తెగకుండా ఒక వరసకి కొటేషన్లు కడితే, ఆ వరస ఇంకో మెషీన్ మీదికి వెళ్ళి అక్కడ ఇంకో షెల్ చేతిలో పడేది. మొదటి షెల్ కొటేషన్లు ఊడదీసుకుని పంపేది, రెండోది మాటని బోసిగా చూసి మళ్ళీ కోసేది. ఎనిమిది వాలుగీతలు ఎందుకు పుట్టాయో అప్పుడర్థమైంది. దారిలో ప్రతి షెల్ దగ్గరా సగం ఊడిపోతాయి, ఆఖరికి ఒకటైనా మిగలాలని. రాసినాయన మీద జాలేసింది గానీ కోపం తగ్గలేదు. నాలుగో రోజు పొద్దున విసుగొచ్చి, కనపడిన ప్రతి మాటకీ సింగిల్ కోట్లు బిగించేశాను. సింగిల్ కోట్ అంటే షెల్‌కి పూర్తి నిషేధం. లోపల ఏమున్నా విప్పకూడదు, చూడకూడదు, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి. బిల్డ్ ఒక్క తప్పు కూడా చూపించకుండా ఆఖరుదాకా నడిచింది. ఇంతకంటే ఏం కావాలి? మేనేజరుకి అయిపోయిందని రాసేసి అన్నానికి దిగాను.

నాన్న అప్పటికే కంచం ముందు కూర్చుని ఉన్నాడు. మొహం చూస్తేనే తెలిసింది. ముందురోజు బాబాయి వంతులో కరెంటు పోయింది. డ్రిప్పులో ఎరువు కలిపి పెట్టుకున్నాడేమో, ఆ పొద్దున మా వంతులో ఒక పూట మోటారు వేసుకున్నాడు, ఎవరితోనూ చెప్పకుండా. చెప్పడానికి అమ్మ లేదు కదా అన్నది అప్పుడు నాకూ తట్టలేదు, నాన్నకీ తట్టలేదు.

నాన్న నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అన్నాడు. "ఆ ఎదవకి చెప్పు. నిన్న కరెంటు పోతే నేనేం చెయ్యాల? నా వంతులో మోటారెయ్యటం ఏంది? అడిగితే ఇయ్యనా?" ఒక ముద్ద కలిపాడు, తినలేదు. కాస్త గొంతు తగ్గించి, "సావుబతుకుల్లో ఉన్న తల్లిని ఇడిచి మీటింగుకి పోయినోడికి, అడగటం ఏం తెలుస్తదిలే" అన్నాడు.

నేను చెయ్యి కడుక్కుని తిన్నగా పక్కింటికి వెళ్ళాను. ఖాళీ చేతుల్తో వెళ్ళాను. బాబాయి వాకిట్లో కూర్చుని ఎలుకలు కొరికిన డ్రిప్పు పైపుకి అతుకు వేస్తున్నాడు. పిన్ని తలుపు దగ్గర బియ్యం ఏరుతోంది. నాన్న చెప్పమన్నాడు అని మొదలుపెట్టి, ఆయన అన్నవన్నీ అన్న వరసలో అన్నట్టే అప్పజెప్పాను. గొంతు తగ్గించి అన్నది కూడా చెప్పాను. దాన్ని ఎందుకు వదలాలి? అన్నాడు కదా.

బాబాయి చేతిలో పైపు అలాగే ఉండిపోయింది. పిన్ని చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన సరేనని మళ్ళీ అతుకు మీదికి వంగాడు. ఇంటికొచ్చి నాన్నకి సరేనన్నాడని చెప్పాను. నాన్న తృప్తిగా మజ్జిగ పోసుకున్నాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రెండు పనులు ఒక్క రోజులో శుభ్రంగా పూర్తిచేశానని నాకు లోలోపల గర్వంగా కూడా ఉంది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాటితో మా వంతు అయిపోయింది, ఆ తర్వాత రెండు రోజులూ బాబాయి వంతు. మోటారు చప్పుడు వినపడలేదు. మొదటిరోజు ఏదో పని పడిందేమో అనుకున్నాం. రెండోరోజు పొద్దున నాన్న పొలం నుంచి పెందలాడే వచ్చేసి అరుగు మీద కూర్చున్నాడు. బాబాయి భూమిలో నీళ్ళు చూసేవాణ్ణి తీసుకొచ్చాడట. వాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బాబాయి చేనంతా తిరిగితే, గట్టుకి ఇరవై గజాల అవతల కాయ నిలబడిందట. అక్కడ రాయి పాతి సున్నం పోశారు. మూడో రోజుకి బోరు బండి మాట్లాడుకున్నాడు.

ఈ సంగతి ఎంత దూరం పోతుందో మా ఊళ్ళో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మా భూముల కింద సున్నపురాయి. నీళ్ళున్నవి ఆ రాతిలోని ఒక్క పగులులోనే. ఇరవై గజాల్లో ఇంకో బోరు దించితే పాతది ఎండిపోతుంది, కొత్తది ఎన్నాళ్ళు పోస్తుందో చెప్పలేం. రెండు మిరపతోటలూ పూత మీదా పిందె మీదా ఉన్నాయి. అదీగాక, ఆ బోరు పోతే ఈ రెండిళ్ళకీ మధ్య మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగలదు. నాన్న ఆ మాట పైకి అనలేదు గానీ ఆ పూట అన్నం తినలేదు.

అదే పూట హైదరాబాదు నుంచి మెసేజ్ వచ్చింది. మా సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే అమ్మాయి ఒక ఫోటో పంపింది. కొత్త ఆసుపత్రి రిపోర్టు మీద, పైన పెద్ద అక్షరాల్లో ఆసుపత్రి పేరుండాల్సిన చోట, డాలర్ గుర్తూ దాని పక్కన స్క్రిప్టులో మేము పెట్టుకున్న గుర్తుపదమూ అచ్చుపడి ఉన్నాయి. కింద ఆమె, ఈ ఆసుపత్రి ఎక్కడుందండీ అని అడిగింది. నవ్వడానికి నాకు ఓపిక లేదు. ఫోను పక్కన పెట్టి, మళ్ళీ తీసుకుని, అమ్మకి చేశాను.

కంటికి కట్టుతో ఉన్న మనిషికి ఇవన్నీ చెప్పకూడదనే అనుకున్నాను. కానీ అమ్మ మొదటే బాబాయి తోటకి తడి పెట్టాడా అని అడిగింది. దాంతో అంతా చెప్పాల్సి వచ్చింది. నువ్వేం చెప్పావు అని అడిగితే, నాన్న ఏమన్నాడో అదే చెప్పాను, ఒక్క ముక్క కలపలేదు, తీయలేదు అన్నాను.

"నాయనమ్మ సంగతి కూడా చెప్పావా?"

"అన్నాడుగా, చెప్పాను."

పక్కనున్న అక్క ఏమైందని అడగడం వినపడింది. తర్వాత అమ్మ చాలా నెమ్మదిగా అంది. "అది బాబాయికి చెప్పమన్న మాట కాదు నాయనా. అది మీ నాయన బాధ. తల్లి పోయిన బాధ. నెలకి రెండుసార్లు నాతో అంటాడు. విని ఊరుకోవాల."

నాకు రోషం వచ్చింది. అయితే ఇన్నేళ్ళూ నువ్వు అబద్ధాలు మోశావా అని అడిగాను. అడిగే తీరు అది కాదని అడిగాక తెలిసింది.

"ఒక్కటి కూడా చెప్పలా," అంది అమ్మ. "ఆ ఎదవ అంటే ఎవురు? తమ్ముడేగా. తమ్ముడనే చెప్పేదాన్ని. అడిగితే ఇయ్యనా అన్నాడా లేదా? అదీ మాట. నీళ్ళు కావాలంటే యేసుకోమన్నాడయ్యా, ముందు ఒక మాట చెప్పమన్నాడు అని చెప్తే అయిపోయేది. మిగతాదంతా పొట్టు. అనని మాట అన్నాడని మాత్రం నేను ఏనాడూ చెప్పలా. నువ్వూ చెప్పమాక."

బయల్దేరి వస్తానంది. వద్దని అక్కా నేనూ ఇద్దరం కేకలేశాం. ఫోను పెట్టేశాక నాకు ఏడుపొచ్చినంత పనైంది. స్క్రిప్టులో తప్పు చేస్తే నిన్నటి కాపీ తెచ్చుకోవచ్చు. ప్రతి మార్పుకీ ముందు ఏముందో దాచిపెట్టే ఏర్పాటు మాకుంది. బాబాయి చెవిలో పోసిన మాటకి నిన్నటి కాపీ ఎక్కడ తేవాలి?

ఏం చెయ్యాలో తెలియక లాప్‌టాప్ తెరిచాను. అమ్మాయి పంపిన ఫోటో ఎదురుగా ఉంది. కొటేషన్లు రెండు రకాలని ఈ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చెబుతారు. సింగిల్ కోట్ లోపలిదేదీ విప్పనివ్వదు. డబుల్ కోట్ మాటని ముక్కలు కానివ్వదు, కానీ డాలర్ గుర్తు పక్కన పేరుంటే, ఆ పేరు ఎవరి కోసం నిలబడిందో చూసి అసలు విలువని పంపనిస్తుంది. నేను జాగ్రత్త ఎక్కువై, విలువ వెళ్ళాల్సిన చోటికి కూడా గుర్తునే కట్టి పంపాను. ఆసుపత్రికి దాని పేరు చేరలేదు, మేము దానికి లోపల్లోపల పెట్టుకున్న పిలుపు చేరింది.

ఎనిమిది వందల వరసల్నీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. ప్రతి చోటా ఒక్కటే అడిగాను: అవతలికి చేరాల్సింది ఈ పేరా, దీని విలువా? కొన్ని చోట్ల సింగిల్ కోటే సరైనది, ఉంచాను. చాలా చోట్ల డబుల్ కోట్ పెట్టాను. ఎనిమిది వాలుగీతల్లో ఏడింటిని ఊడబీకి అవతల పారేశాను. సాయంత్రం గేదెకి తవుడు కలిపే వేళకి పని అయింది. రిపోర్టు మీద ఆసుపత్రి పేరు ఖాళీలతో సహా నిండుగా వచ్చింది. ఆ అమ్మాయి బొటనవేలు బొమ్మ పంపింది. నాకు సంతోషమేమీ కలగలేదు.

మర్నాడు మా వంతు. పొద్దున్నే మోటారు చప్పుడు వినపడింది. ఏడున్నరకి నాన్న వచ్చి, చెప్పులు విప్పుతూ, మళ్ళీ గోడ వైపే చూస్తూ అన్నాడు. "ఆ మొండి ఎదవకి చెప్పు, వాడి పక్క వాల్వు తిప్పా. రెండ్రోజుల నుంచి తడి లేక పూత రాలతంది, కళ్ళతో సూడలేక తిప్పా. వాడి మొహం చూసి కాదు."

తన వంతు నీళ్ళు తమ్ముడి తోటకి వదిలి వచ్చాడు. నేను వండిన దోసకాయ పప్పు ఉంది, ఉప్పు ఎక్కువైంది, అదే ఒక గిన్నెలో పోసుకుని బయల్దేరాను. గేటు దాకా వెళ్ళాక భయమేసింది. స్క్రిప్టు ఎన్నిసార్లు కూలినా నాకు అలాంటి భయం వెయ్యలేదు.

బాబాయి పొలానికి వెళ్ళబోతూ కండువా దులుపుకుంటున్నాడు. పిన్ని గిన్నె అందుకుని, మూత తీసి చూసి, లోపల పెట్టింది.

"నాన్న మీ పక్క వాల్వు తిప్పాడు బాబాయ్," అన్నాను. "తడి లేక పూత రాలుతోందని, చూడలేక తిప్పానన్నాడు."

ఆయన కండువా భుజాన వేసుకుని నన్నే చూశాడు. "ఇంకేమన్నాడు?"

"అంతే."

"నా మొహం చూసి కాదు అనుంటాడే," అన్నాడు బాబాయి.

నేను నేల చూపులు చూశాను. ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతోసేపు లేదు. అరుగు మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నాడు.

"మా అన్న నోరు నాకు తెలవదా అబ్బాయ్? ఎదవ అనకుండా నా పేరెత్తడు. వదిన వచ్చి మీ అన్న అడుగుతున్నాడయ్యా అంటే, ఆ తీరున అడిగింది మా అన్న కాదని తెలుసు. అయినా వినటానికి బాగుండేది. అమ్మ సంగతి కూడా అనుకుంటానే ఉంటాడని తెలుసు, నేను అనుకోవట్లా? కాకపోతే పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట నా చెవిన పళ్ళా. వదిన పడనియ్యలా." కండువా సర్దుకుంటూ, "వేరే ఎవురు తెచ్చినా నమ్మేవాణ్ణి కాదు. నువ్వు ఒక ముక్క కలపవు, తియ్యవు. నువ్వు చెప్పావంటే ఆ మాట మా అన్న నోటెంట వచ్చిందే," అన్నాడు.

నా నిజాయితీని అంతకంటే గట్టిగా ఎవరూ ఎప్పుడూ మెచ్చుకోలేదు. చెంప మీద కొట్టినా బాగుండేది. తప్పయిపోయింది బాబాయ్ అన్నాను. నీదేం తప్పులే, మోసేవాడివే కదా అని ఆయన లేచాడు. బోరు బండి వాడికి ఫోన్ చేసి వద్దన్నాడు. వెళ్తూ వెళ్తూ నాన్నకి చెప్పమని ఒక మాట చెప్పాడు. అందులో సగం తిట్టు, ఆ తిట్టు నేనిక్కడ రాయను. మిగతా సగం, ఈ రెండు రోజులూ మోటారు నాన్ననే వాడుకోమని, తనకి ఈ తడి చాలని.

ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీదే ఉన్నాడు. రెండు రోజులూ నిన్నే వేసుకోమన్నాడు, తనకి ఈ తడి చాలన్నాడు అని చెప్పాను. నాన్న తలూపాడు. వాడు అట్టా అన్నాడా అనలేదు, ఇంకేమన్నాడనీ అడగలేదు. మీ అమ్మ కన్ను ఎట్టుందంట అని అడిగి, అన్నం పెట్టమన్నాడు.

పదిహేనో రోజున అమ్మ నల్లద్దాలు పెట్టుకుని బస్సు దిగింది. స్క్రిప్టు ఆ తర్వాత ఒక్కసారి కూడా కూలలేదు. కొత్తగా చేరినవాళ్ళు ఫోల్డరు పేర్లలో ఖాళీలు ధైర్యంగా పెడుతున్నారు, ఒకప్పుడు అది తప్పని వాళ్ళకి తెలియను కూడా తెలియదు. మిరపకాయ మొదటి కోత రెండు తోటల్లోనూ బాగానే దిగింది. కల్లాల్లో అటు వాళ్ళ కాయ, ఇటు మా కాయ పక్కపక్కనే ఎండింది. అమ్మ మళ్ళీ గిన్నె పట్టుకుని వాళ్ళ వాకిట్లోకి వెళ్ళడం మొదలుపెట్టింది.

మొన్న ఒకరోజు నేను డాబా పిట్టగోడ దగ్గర నిలబడి ఉంటే వాళ్ళ మాటలు వినపడ్డాయి. రేపు పొద్దున ఒక పూట మోటారు తనకి కావాలని మీ అన్న అడుగుతున్నాడయ్యా అని అమ్మ ఎప్పటిలాగే చెప్పింది. బాబాయి అలాగేనన్నాడు. అమ్మ గిన్నె తీసుకుని వెనక్కి తిరగబోతుంటే ఆయన ఆపాడు.

"ఇంకేమన్నాడు వదినా?"

"అంతేనయ్యా," అంది అమ్మ.

బాబాయి ఇంకా ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. అమ్మ ఇంటికొచ్చాక అడిగాను, బాబాయి అలా అడగడం మామూలేనా అని. గిన్నె కడిగి బోర్లిస్తూ, ఇప్పుడు వెళ్ళిన ప్రతిసారీ అడుగుతున్నాడంది. అంతకు ముందు పదకొండేళ్ళలో ఎప్పుడూ అడగలేదట.